కుమ్మరింటి నుంచి కాలినడకన

ఇచ్చోడ
డిసెంబరు మొదటి వారం

చి. ఆమనికి,
నీ మేనత్త జానకీబాయి ఆశీస్సులు.

ఇక్కడ చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అక్షరాలు వంకరగా ఉంటే నన్ను తిట్టకు, ఆదిలాబాద్ చలిని తిట్టు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. మీ ఇంట్లో ఫోన్ మోగితే ఒకరు ఎత్తుతారు, ఇంటిల్లిపాదీ వింటారు. పైగా పోస్టాఫీసులో కూర్చుని ఇన్నేళ్ళు ఊరందరి ఉత్తరాలకూ ముద్రలు కొట్టి రిటైరైనదాన్ని. ఇప్పుడైనా నా పేరు మీద నాలుగు ఉత్తరాలు రావద్దా?

సంగతేమిటంటే, శివరాత్రి జాతర రద్దీ తగ్గాక రెండు రోజులు కరీంనగర్ వద్దామనుకుంటున్నాను. మీ ఇంట్లోనే దిగుతాను. గుళ్ళు వద్దు, సినిమా వద్దు, చీరల దుకాణాలు అసలే వద్దు. నాకు కుండలు చూపించు. నా కుండల పిచ్చి నీకు తెలిసిందే కదా. చక్రం మీద మట్టి లేస్తుంటే చూస్తూ కూర్చోవాలి, అంతే.

ఒక్కటే షరతు. కారు వద్దు. మీ ఆయన ఉజ్వల్ కొత్త కారు వేసుకుని నన్ను తీసుకురావడానికి బయల్దేరాడో, నేను ఇంటికి తాళం వేసి ఎటైనా పోతాను. బస్సులో వస్తాను. ఊళ్ళో ఎక్కడికైనా నడిచే పోదాం.

మీ ఇంటికి దగ్గర్లోని కుమ్మరివాడలో అంతయ్య అని ఒకాయన ఉన్నాడట. వాళ్ళింటి నుంచి మీ ఇంటిదాకా దారి ఎలా ఉందో ఒకసారి నడిచి చూసిపెట్టు. రోడ్డు తవ్వి వదిలేశారా? తల మీద కుండ పెట్టుకుని నడిస్తే తగిలేలా కేబుల్ తీగలు వేలాడుతున్నాయా? నవ్వకు, చూసి రాయి.

వేములవాడలో మీ బాపుకు ఇప్పుడే చెప్పకు. చెల్లెలు వస్తోందని తెలిస్తే రైస్ మిల్లు పని వదిలేసి తన కారు పంపుతానంటాడు. మళ్ళీ అదో గొడవ.

నీ అత్తమ్మ


కరీంనగర్
డిసెంబరు నెల మధ్యలో

అత్తమ్మకు ఆమని నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి ఉజ్వల్ మొహం ముడుచుకున్నాడు. కారు కొన్నప్పటి నుంచి ఎవరు ఎటు పోతామన్నా తాళం పట్టుకుని గుమ్మంలో నిలబడుతున్నాడు. అటువంటి మనిషిని పట్టుకుని కారు వద్దంటావా? "అత్తమ్మకు నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదా?" అని రెండు రోజుల నుంచి నన్ను సతాయిస్తున్నాడు. ఇంతకీ కారు మీద నీకేం కోపమో రాయి.

సరే, నా ప్లాన్ విను. ఇచ్చోడలో పొద్దున్నే బస్సెక్కు. ఆధార్ కార్డు మర్చిపోకు, చూపిస్తే చాలు, ఆడవాళ్ళకు టికెట్ లేదు. నిర్మల్‌లో దిగి జగిత్యాల బస్సు, అక్కడి నుంచి కరీంనగర్ బస్సు. నేను బస్టాండుకు వస్తాను, నడిచే వస్తాను, భయపడకు. ఇంటికొచ్చి భోంచేసి కాసేపు పడుకుని, ఎండ తగ్గాక మానేరు డ్యాం కట్ట మీదికి పోదాం. గాలి బాగుంటుంది. మర్నాడు పొద్దంతా కుమ్మరివాడ నీది. మధ్యలో ఆకలేస్తే తినడానికి సర్వపిండి కట్టిస్తాను. సాయంత్రం టవర్ సర్కిల్ దాకా నడిచి, ఓపిక ఉంటే వెండి తీగ పని చేసేవాళ్ళ దుకాణం చూపిస్తాను. నీకు మట్టి తప్ప వెండి కంటికి ఆనదని తెలుసు, అయినా చూడు.

కుమ్మరివాడ దారి చూశాను. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పుకునేదాన్ని, నాతో రోడ్లు కొలిపిస్తున్నావు! మురుగు మోరీ దగ్గర కొంచెం గతుకులున్నాయి కానీ నడవచ్చు. కిరాణా కొట్టు ముందు కేబుల్ తీగ ఒకటి కిందికి వేలాడుతోంది. కేబుల్ అబ్బాయికి చెప్పి పైకి కట్టించాను. "ఎవలొస్తున్నరు మేడం, మంత్రిగారా?" అని అడిగాడు. మా అత్తమ్మ అని చెప్పాను.

అంతయ్య ఇంటికి ఇంకా పోలేదు. పరీక్షలయ్యాక వెళ్ళి నువ్వు వస్తున్న సంగతి చెబుతాను.

ఆమని


ఇచ్చోడ
జనవరి మొదట్లో

చి. ఆమనికి,

తీగ కట్టించావా! నువ్వు నా మేనకోడలివి అనిపించుకున్నావు. ఉజ్వల్‌కు చెప్పు, అతని డ్రైవింగ్‌కు వంక పెట్టడం లేదు. కుండలకూ కార్లకూ పడదు, అంతే.

మా ఇంట్లో ఇప్పుడు అడుగు పెట్టే చోటు లేదు. పెన్‌గంగ అవతల నుంచి తెప్పించిన నల్లటి నీళ్ళ రంజనొకటి, నిర్మల్ అంగట్లో కొన్న పాలకుండలు, మూతి వంకర పోయిందని కుమ్మరి పారేయబోతే తెచ్చుకున్న కూజా. ఆ వంకర కూజా అంటేనే నాకు ఎక్కువ ఇష్టం. వచ్చినవాళ్ళందరూ "గివన్ని ఏం జేసుకుంటవ్ బాయీ?" అంటారు. ఏం చేసుకుంటాను, చూసుకుంటాను.

కుండల గురించి తెలిసిన మనిషి ఈ ఊళ్ళో ఒక్కరే ఉన్నారు. దేవదాస్ గారని, బెల్లంపల్లిలో బొగ్గు బావిలో పనిచేసి రిటైరయ్యారు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఆయన కూతురు దీపిక ఇక్కడి బళ్ళో టీచరు. కూతుర్ని చూడ్డానికి వచ్చినప్పుడల్లా మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంటారు. నీళ్ళు అడుగుతారు, కూజాలోవే కావాలంటారు. అంతయ్య గురించి చెప్పింది కూడా ఆయనే. పనిమీద కరీంనగర్ పోయినప్పుడు చూసి వచ్చారట.

అంతయ్య ఇంటికి తొందరేం లేదు. నేను వచ్చాకే పోదాం.

నీ అత్తమ్మ


కరీంనగర్
జనవరి ఆఖరు

అత్తమ్మా,

జరిగింది జరిగినట్టు రాస్తాను, నువ్వూ ఉన్నది ఉన్నట్టు రాయి.

తొందర లేదన్నావు కానీ, నిన్న సెలవు దొరికింది. పక్కింటి మమతారాణిని తోడు తీసుకుని ఉజ్వల్ స్కూటరు మీద అంతయ్య ఇంటికి పోయాను. అంతయ్య కుండలు కాల్చే ఆము దగ్గర ఉన్నాడు. ఆయన భార్య బుచ్చవ్వ వాకిట్లో పని చేసుకుంటోంది. అరుగు మీద ఒక వరుస కుండలు ఆరబెట్టి ఉన్నాయి. తెల్లసున్నం పూసి, దాని మీద ఎర్రటి జాజు గీతలు, పసుపు చుక్కలు, మెడ చుట్టూ చిన్న చిన్న తామరపూలు. నా కళ్ళు అక్కడే ఆగిపోయాయి. అందులో చిన్నదొకటి టీవీ పక్కన పెట్టుకుంటే ఎంత బాగుంటుందో అనుకుని, ఎంతకిస్తావవ్వా అంటూ చెయ్యి వేశాను.

బుచ్చవ్వ కేక పెట్టి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఏం జేస్తున్నవ్ బిడ్డా! గవి అమ్మేటివి గావు. ఐరేండ్లు! పెండ్లి కుండలను టీవీ పక్కన వెట్టుకుంటరా ఎవలన్న?"

ఐరేండ్లంటే నాకు తెలియక కాదు. నా పెళ్ళిలోనే ఆడవాళ్ళంతా డప్పులతో కుమ్మరింటికి పోయి నెత్తిన పెట్టుకుని తెచ్చారు. పట్నానికొచ్చి ఇన్నేళ్ళయ్యేసరికి చూడగానే గుర్తు పట్టలేకపోయాను. "తప్పయింది అవ్వా. ఎవరింట్ల పెండ్లి?" అని అడిగాను.

"ఎవలింట్లనో నాకేమెర్క? బెల్లంపల్లి పెద్దమనిషి ఒకాయిన వచ్చి చెప్పి పోయిండు. పెండ్లిపిల్ల పేరు జానకీబాయట, ఇచ్చోడల పోస్టమ్మట. జాతర దాటినంక గీడ మేనకోడలి ఇంటికి నడిపిచ్చుకపోతమన్నడు. ఐరేండ్లు బండ్లెక్కయి గద బిడ్డా, కుమ్మరింటికెల్లి పెండ్లింటికి నడిచే పోవాలె."

అత్తమ్మా, నేను అరుగు మీద కూలబడిపోయాను. కారు వద్దనడం, దారి కొలిపించడం, కేబుల్ తీగ, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి. మంచినీళ్ళు తాగించి లేపింది బుచ్చవ్వ.

మమతారాణి కుండల దగ్గర నుంచి అప్పుడే వచ్చింది. మీ ఇంటికే ఐరేండ్లు వస్తున్నాయన్న ముక్క ఒక్కటే ఆమె చెవిన పడ్డట్టుంది. దారంతా స్కూటరు అద్దంలో నావైపు జాలిగా చూసి, ఇంటి దగ్గర దిగాక మెల్లగా అడిగింది: "మీ ఇంట్ల పెండ్లికున్నోళ్ళు ఎవ్వలు లేరు గదా ఆమనీ. పాప చూస్తే రెండో తరగతి. ఉజ్వల్ అన్న గిట్ల ఏమన్న..." నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇది నిజమేనా? నువ్వు పెళ్ళి చేసుకుంటున్నావా? నా ఇంట్లోనా? నాతో ఒక్క మాట చెప్పకుండానా?

ఆమని


ఇచ్చోడ
ఫిబ్రవరి మొదట్లో

ఆమనీ,

నిజమే.

వచ్చాక ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను. ఉత్తరంలో రాయడానికి కలం కదలలేదు. ఎన్ని వేల ఉత్తరాల మీద ముద్ర కొట్టానో, ఈ ఒక్క ముక్క రాయడం మాత్రం నా వల్ల కాలేదు.

దేవదాస్ గారు అడిగింది గత ఎండాకాలం. కూజా నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "బాయీ, మిగిలిన దినాలు ఒక్క కాడ ఉందామా?" అన్నారు. నేను చేసిన పనేమిటో తెలుసా? లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. నీకిప్పుడు ఎంత దిమ్మ తిరిగిందో, నాకు అంతకు రెట్టింపు తిరిగింది. బయటికి వచ్చి చూసేసరికి ఆయన వెళ్ళిపోయారు. మర్నాడు నేనే దీపిక ఇంటికి పోయి సరేనన్నాను. దీపిక నన్ను పట్టుకుని ఏడ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు చేస్తే ఒక్క పూటలో అయిపోతుంది ఆంటీ అంది. అయిపోతుంది. కానీ నాకు ఐరేండ్లు కావాలి.

ఎందుకో చెబుతాను. మీ మామ పోయేనాటికి నాకు పాతికేళ్ళు కూడా లేవు. ఆ తర్వాత మన ఇళ్ళల్లో జరిగిన ప్రతి పెళ్ళికీ వచ్చాను. వండాను, వడ్డించాను. ఆడవాళ్ళంతా పట్టుచీరలు కట్టుకుని కుమ్మరింటికి బయల్దేరే వేళకు ఎవరో ఒకరు వచ్చి "జానకీ, నువ్వు జర పొయ్యి కాడ ఉండు" అనేవారు. తిట్టి చెప్పేవారు కాదు, ప్రేమగానే చెప్పేవారు. నీ పెళ్ళికీ అంతే. వంటింటి కిటికీ లోంచి ఆ కుండల రంగులు అటు నుంచి ఇటు పోవడం చూశాను. నా కుండల పిచ్చి అక్కడే మొదలైందేమో. పెండ్లి కుండలు ముట్టుకోనివ్వకపోతే మిగతావన్నీ ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ కుండలు నా పేరు మీద, నా కోసం, డప్పుల మధ్య రావాలి. తాళి కన్నా నాకు అదే ముఖ్యం.

అవి పెండ్లిపిల్ల పుట్టింటి గుమ్మంలోకే రావాలి. నాకున్న పుట్టిల్లు మీ బాపు ఇల్లు. ఆ గుమ్మం అడిగే ధైర్యం నాకు లేదు. నీ గుమ్మం ఇస్తావా? నిన్ను అడిగేది ఈ ఒక్కటే.

నీ అత్తమ్మ


కరీంనగర్
ఫిబ్రవరి రెండో వారం

అత్తమ్మా,

ఏమని రాయను? నీ ఉత్తరం వచ్చేలోపే ఇక్కడ కొంప మునిగింది.

మమతారాణి నోటి మాట వేములవాడ దాకా పోయింది. మొన్న బాపు ఫోన్ చేసి, "ఉజ్వల్ రెండో పెండ్లి జేస్కుంటుండట, నిజమేనా?" అని అరిచాడు. ఉజ్వల్ పక్కనే ఉండి విన్నాడు, చేతిలో చాయ్ కప్పు కింద పడేశాడు. మొగుడి పరువు కాపాడాలన్న కంగారులో "ఉజ్వల్‌కు కాదు బాపూ, అత్తమ్మకు" అనేశాను. నోరు జారింది.

ఆ తర్వాత బాపు అన్న మాటలన్నీ రాయలేను. "అరువై దగ్గరవడ్డ మనిషికి పెండ్లా? మనోడు గాదు, మనూరోడు గాదు, ఎవడో బావిల బొగ్గు దవ్వినోడు! ఈ జైపాల్‌రావు చెల్లెలు ఐరేండ్లెత్తుకుంటదని ఊరు నవ్వదా?" అన్నాడు. వెనక అమ్మ ఏదో అనబోతే "నువ్వు నోరు మూసుకో" అన్నాడు. అమ్మ మూసుకుంది. ఎప్పుడూ అంతే కదా.

బాపు సంగతి సరే. నా సంగతి చెప్పనా? నాకూ నచ్చలేదు. నువ్వంటే నాకు కుండలు, ఉత్తరాలు, ఎండాకాలం వచ్చే ఊరగాయ జాడీలు. నీకు ఇంకో కోరిక ఉంటుందని నాకు ఎప్పుడూ తట్టలేదు. అద్దం ముందు నిలబడి నువ్వు పెండ్లికూతురివని పైకి అని చూశాను. నాకే సిగ్గేసింది. కాలేజీలో నలుగురూ అడిగితే ఏం చెప్పాలి?

నువ్వు రా. రెండు రోజులుండు. కుండలు చూపిస్తాను, డ్యాం చూపిస్తాను. మిగతాది మాత్రం నన్ను అడగకు.

ఆమని


ఇచ్చోడ
ఫిబ్రవరి మూడో వారం

ఆమనికి,

సరే. అడగను. రాను కూడా.

నీ మీద కోపం లేదని అబద్ధం రాయను. ఉంది. అన్న అంటాడని తెలుసు, ఊరు అంటుందని తెలుసు. అద్దం ముందు నిలబడి సిగ్గుపడింది నువ్వని చదివినప్పుడు మాత్రం కాగితం కింద పెట్టేశాను.

దేవదాస్ గారు రిజిస్ట్రారు ఆఫీసుకే పోదామన్నారు. అలాగే కానిస్తాం. నాకు ఒక సాయం చేసిపెట్టు. ఐరేండ్లు ఒకరి పేరున గీసినవి ఇంకొకరి పెళ్ళికి ఇవ్వరు. పెళ్ళి ఆగితే కుమ్మరే పగలగొట్టి మట్టిలో కలిపేయాలి. అంతయ్యకు పెళ్ళి లేదని చెప్పు, పగలగొట్టమని చెప్పు. అన్ని రోజులు కూర్చుని పూలు గీసిన మనిషికి ఈ మాట ఉత్తరంలో చెప్పడం మర్యాద కాదు. అందుకే నిన్ను పొమ్మంటున్నాను.

జానకీబాయి


కరీంనగర్
ఫిబ్రవరి ఆఖరు

అత్తమ్మా,

పోయాను. నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. అంతయ్య తలకు చుట్టుకున్న తువ్వాల విప్పి భుజాన వేసుకున్నాడు, లోపలి నుంచి దుడ్డుకర్ర తెచ్చాడు. బుచ్చవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. పోతూ పోతూ "ముప్పై ఏండ్ల సంది ఐరేండ్లు గీస్తున్నం, పగలగొట్టుడు ఇదే ఫస్టు" అంది.

ఆయన మొదటి కుండను అరుగు మీద నుంచి దించి నేల మీద పెట్టాడు. దాని మెడ చుట్టూ తామరపూలు. కర్ర ఎత్తాడు. నేను పోయి ఆ కుండ మీద వంగి రెండు చేతులూ అడ్డం పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలియదు, చేతులే పోయాయి. "దెబ్బ నీ మీద వడుతుండె గద బిడ్డా!" అని అంతయ్య కర్ర పారేసి తల పట్టుకున్నాడు. నేను ఏడుస్తూనే ఉన్నాను.

పగలగొట్టనివ్వలేదు. కుండలు ఉన్నాయి. నా గుమ్మం ఉంది. ఉజ్వల్‌తో మాట్లాడాను, అతను గుమ్మానికి రంగు వేయిస్తున్నాడు. కాలేజీలో ఎవరైనా అడిగితే మా అత్తమ్మ పెళ్ళని చెబుతాను.

నన్ను క్షమిస్తే రా. క్షమించకపోయినా రా.

నీ ఆమని


బెల్లంపల్లి
మార్చి నెలాఖరు

చి. సౌ. ఆమనికి,
నీ అత్తమ్మ ఆశీస్సులు.

పైన ఊరి పేరు రాస్తుంటే నాకే కొత్తగా ఉంది. వచ్చి పది రోజులు దాటినా, పొద్దున్నే లేచి ఇదెవరి ఇల్లు అని ఒక్క క్షణం ఉలిక్కిపడుతున్నాను. కాలి మెట్టెలు గచ్చుకు తగిలి చప్పుడైతే వెనక్కి తిరిగి చూస్తున్నాను, ఎవరొచ్చారా అని. దేవదాస్ గారు నవ్వుతున్నారు. ఆయన ఇంట్లో బొగ్గు మసి పట్టిన గోడలే తప్ప ఒక్క కుండ లేదు. లారీ మాట్లాడి నావన్నీ తెప్పిస్తానంటున్నారు. పగిలితే ఊరుకోనని చెప్పాను.

ఐరేండ్లు వచ్చిన నాటి సంగతి చెప్పాలి నీకు. పెండ్లిపిల్ల కుమ్మరింటికి పోకూడదని నన్ను ఇంట్లో కూర్చోబెట్టి మీరంతా పోయారు. ఎంతకీ రారు. బాపు వచ్చి ఆపేశాడేమో, కుండలు పగిలాయేమో అని ఒక్కదాన్నే ఎంత పరేషాన్ అయ్యానో. చివరికి మలుపులో డప్పు వినిపించింది. గుమ్మంలోకి వచ్చి చూస్తే అందరికంటే ముందు, మొదటి కుండ నెత్తిన పెట్టుకుని, మా వదిన! మీ అమ్మ! తలుపు పట్టుకున్నాను. వదిన నా ముందుకొచ్చి నిలబడి "దించుకో జానకీ, మెడ నొస్తున్నది" అంది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎండకేమో అనుకున్నాను.

అన్న రాలేదు. రాకపోతే రాకపోయాడు, వదిననైతే పంపాడు. నోటితో ఒప్పుకోలేక అలా ఒప్పుకున్నాడు. నా అన్న నాకు తెలియడా? ఈ వారం అన్నకు మంచి ఉత్తరం రాసి, మిఠాయి పార్సిల్ పంపుదామనుకుంటున్నాను. వేములవాడ చిరునామా పాతదేనా?

నీ అత్తమ్మ


కరీంనగర్
ఏప్రిల్ మొదట్లో

అత్తమ్మా,

బాపుకు ఉత్తరం రాయకు. మిఠాయి పంపకు. చెప్పనని అమ్మ నాతో ఒట్టు పెట్టించుకుంది. నువ్వు పార్సిల్ కట్టేస్తావేమోనన్న భయంతో ఒట్టు తప్పుతున్నాను.

బాపు అమ్మను పంపలేదు.

ఆ రోజు అంతయ్య ఇంటి దగ్గర అందరం నిలబడ్డాం. డప్పులు మొదలయ్యాయి. బుచ్చవ్వ కుండలకు బొట్లు పెట్టి, "మొదటి కుండ పెండ్లిపిల్ల వదినె ఎత్తాలె. ఏది వదినె?" అంది. రాలేదన్నాను. "అయితే మేనకోడలివి, నువ్వెత్తు" అంది. అప్పుడే నా ఫోన్ మోగింది. బాపు. ఎత్తి తప్పు చేశాను. "ఆ కుండ మీద చెయ్యేసినవంటే మల్ల నా గడప తొక్కకు. నీకు బాపు లేడనుకో" అని పెట్టేశాడు.

నిన్ను మోసం చేయను అత్తమ్మా. నేను ఎత్తలేకపోయాను. కుండ ముందు కూర్చున్నాను, చేతులు చాపాను, అవి కుండ దాకా పోవడం లేదు. డప్పులవాళ్ళు వాయించి వాయించి ఆపేశారు. మమతారాణి నా భుజం మీద చెయ్యి వేసింది. నువ్వు ఇంట్లో ఎదురు చూస్తున్నావని తెలుసు, అయినా లేవలేకపోయాను.

ఇంతలో సందు చివర నుంచి అమ్మ వస్తోంది. ఒక్కతే. అమ్మ ఒంటరిగా బస్సెక్కగా నేను ఎప్పుడూ చూడలేదు. బస్టాండు నుంచి దారి కనుక్కుంటూ నడిచి వచ్చిందట, చెమటకు జాకెట్టంతా తడిసిపోయింది. వచ్చీ రాగానే కొంగు బొడ్లో దోపి, చుట్టకుదురు తల మీద పెట్టుకుంది. "జరుగు బిడ్డా. గది నా పని" అంది. బుచ్చవ్వ కుండ అందించింది.

దారిలో డప్పుల మోత మధ్య అమ్మ చెవిలో అడిగాను, బాపుకు చెప్పి వచ్చినవా అని.

"చెప్పిన. ఆడబిడ్డ ఐరేండ్లు ఎత్తుటానికి పోతున్న అన్న. పోతె మల్ల ఇంటికి రాకు అన్నడు. మంచిదన్న."

"మంచిదన్నవా? నువ్వా?"

"ముంగట సూసుకుంట నడువు. మోరీ ఉన్నది" అంది.

బాపు ముందు ఎన్నడూ పెదవి విప్పని మనిషి కదా. ఆ కళ్ళు ఎర్రబడింది ఎండకు కాదు.

అమ్మ ఇంకా మా ఇంట్లోనే ఉంది. కట్టుబట్టలతో వచ్చింది, నా చీరలు కట్టుకుంటోంది. బాపు ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తలేదు. అమ్మ ఒక్కసారి కూడా ఆయన మాట ఎత్తలేదు కానీ, పొద్దున్నే రెండు కప్పుల చాయ్ పోసి, ఒకటి అలాగే చల్లారిపోతే పారబోస్తోంది. "నా సంగతి జానకికి ఎర్కగావద్దు, కొత్త సంసారం, ఫికర్ చేస్తది" అంటోంది. నాకు ఏం చేయాలో తెలియడం లేదు.

ఆమని


బెల్లంపల్లి
ఏప్రిల్

ఆమనీ,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వస్తే గానీ తెలివి రాలేదు. నేను ఇక్కడ మెట్టెలు చూసుకుని మురిసిపోతున్నాను, అక్కడ వదిన నా మూలంగా ఇల్లు వదిలి వచ్చిందా? ఆమె కుండ దించమంటే దించుకున్నాను, ఇంకేం వదిలి వచ్చిందో అడగలేదు. నువ్వు ఎత్తలేకపోయానని రాశావు. దానికి నేనేమీ అనను. కన్నతండ్రి అలా అంటే ఎవరి చేతులైనా ఆగిపోతాయి.

దేవదాస్ గారికి ఉత్తరం చదివి వినిపించాను. ఆయన లేచిపోయి ముందు గదిలో సామానంతా వాకిట్లో పెట్టడం మొదలుపెట్టారు. ఏం చేస్తున్నారంటే, "మీ వదినె ఏ అర్రల పండుకుంటది మరి? సున్నమెయ్యాలె" అన్నారు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

వదినను పంపించు. నీ ఇంట్లో ఉంటే కూతురి ఇంట్లో ఎన్నాళ్ళు అని ఆమే మొహమాటపడి వెనక్కి పోతుంది, ఆ గడప ముందు నిలబడుతుంది. అలా నిలబడకూడదు. ఆడబిడ్డ పిలిచిందని చెప్పు. రాకపోతే నేనే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకువస్తానని చెప్పు.

అన్నకు మిఠాయి పంపను. ఉత్తరం మాత్రం రాశాను, ఇప్పుడే డబ్బాలో వేసి వచ్చాను. అందులో ఒక్కటే రాశాను. "అన్నా, వదిన నా ఇంటికి వస్తోంది. ఆమె కావాలంటే నా గుమ్మంలోకి వచ్చి, నోరు తెరిచి అడిగి, పిలుచుకుపో. వస్తే కాళ్ళకు నీళ్ళిస్తాను. రాకపోతే ఈ ఇంట్లో ఆమె తిన్నంత తింటుంది, ఉన్నన్నాళ్ళు ఉంటుంది."

నీ అత్తమ్మ